మందు వల్లనే మతిమరుపా? తెలుగులో కొలిచే టెస్ట్ ఏదన్న ఉందా?

హన్మకొండ మాది. మా అమ్మాయికి 14 ఏండ్లు, తెలుగు మీడియం. మూడు నెలల నుంచి రాత్రి రిస్పెరిడోన్ (మానసిక జబ్బు మందు) 1 ఎంజీ, పొద్దున ట్రైహెక్సీఫెనిడిల్ (మొదటి మందుతోని వణుకు, బిగుసుకుపోవుడు రాకుండ ఇచ్చే గోలీ) 2 ఎంజీ ఏసుకుంటుంది. ఎవరూ లేకున్నా చెవుల మాటలు వినపడుడు పూర్తిగ తగ్గింది, అందుకే మందు ఆపలేదు, ఆపం కూడా. కానీ నెలన్నర నుంచి మతిమరుపు బాగా ఉంది, కిరాణా షాపుకు పంపి పెసరపప్పు, చింతపండు, సబ్బు తెమ్మంటే సబ్బొక్కటే పట్టుకొస్తది, మిగతావి అడిగితే నా మొఖం చూస్తది. సోషల్‌ల ఒక్క పేజీ నాలుగు సార్లు చదువుతది.

డాక్టర్‌కు చెప్తే రెండో గోలీ వల్ల జ్ఞాపకశక్తి తగ్గొచ్చు, జబ్బు వల్ల కూడా కావచ్చు, కొలిచి చూస్తే తెలుస్తది అన్నరు. ఫోన్‌ల మెమరీ గేమ్ రోజూ ఆడిపిచ్చిన, స్కోరు పెరిగింది గానీ అది అలవాటైనందుకే అనిపిస్తుంది. అంకెలు వెనకనుంచి చెప్పిపిస్తే పొద్దున 3, సాయంత్రం 4 చెప్తుంది, పొద్దున నిద్రమబ్బు ఉంటది కదా, ఏది లెక్కకు తీసుకోవాల్నో తెలుస్తలేదు. మందు మొదలుపెట్టక ముందు ఏ టెస్టూ చేపియ్యలేదు.

డాక్టర్ ఆ రెండో గోలీ తగ్గిస్తే ముందొకసారి తర్వాతొకసారి పోల్చి చూసుకునేటట్టు, ఈ వయసు పిల్లలకు తెలుగులో చేసే టెస్ట్ ఏది, మీ పిల్లలకు ఎవరన్న చేపిచ్చిన్రా?