అప్‌డేట్: పార్సిళ్ల దొంగ ముఖం కెమెరాకు చిక్కింది

మా అపార్ట్‌మెంట్‌లో చెప్పుల స్టాండుపై డెలివరీ వాళ్లు పెట్టి వెళ్లిన పార్సిళ్లు మాయమవుతున్నాయనీ, కెమెరా ఉన్నా మనిషిని గుర్తుపట్టలేకపోతున్నామనీ ఇదివరకు అడిగాను. తలుపు పైనున్న కెమెరాలో టోపీ తప్ప ఏమీ కనిపించేది కాదు. మీలో కొందరు సూచించినట్లు దాన్ని ఛాతీ ఎత్తుకు దించి మెట్ల వైపు తిప్పడంతో, ఎక్కి వచ్చేవారి ముఖం నేరుగా పడుతోంది. ఆ మనిషి డెలివరీ సంచితోనే వచ్చి, బెల్లు నొక్కి, ఎవరూ పలకలేదని నిర్ధారించుకున్నాక, పార్సిల్‌ను చెవి దగ్గర ఊపి చూసి మరీ సంచిలో వేసుకున్నాడు. ఎంత తీరికో!

ఫొటోను అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టమని ఒత్తిడి వచ్చినా నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే పోలికలు కలిసిన ఏ అమాయకుడైనా దెబ్బలు తినే ప్రమాదముంది. మెమరీ కార్డు నిండితే పాత రికార్డింగు చెరిగిపోతుంది కనుక, ముందుగా దాన్ని వేరుగా భద్రపరిచి స్టేషన్‌లో ఫిర్యాదు చేశాను. భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం కోర్టులో ఇలాంటి రికార్డింగు కాపీకి ధ్రువపత్రం కావాలి. గేటు కెమెరాలో పడిన బండి నంబరుతో పోలీసులు అతడిని పట్టుకున్నారు. మిక్సీ జార్లు దొరికాయి. మా అత్తయ్యగారి చీర ఇంకా దొరకలేదు.