పాత ఇంట్లో రెండు పిన్నుల ప్లగ్గులు మార్చాలి, ఎర్త్ వైరే లేదు

తెనాలిలో మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు. గోడల మీద చెక్కపట్టీలు కొట్టి వాటి మీద లాగిన పాత వైరింగ్, ఏ బోర్డు చూసినా రెండు పిన్నుల ప్లగ్గే. అమ్మ ఫ్రిజ్‌ని కన్వర్టర్ పెట్టి వాడుతోంది, తడి చేత్తో తలుపు పట్టుకుంటే సన్నగా కరెంటు కొడుతోందంటోంది. నిన్న వచ్చిన ఎలక్ట్రీషియన్ ‘మూడు పిన్నుల సాకెట్లు బిగించి, పై పిన్నుని లోపలే న్యూట్రల్‌కి కలిపేస్తా, గోడలు పగలగొట్టక్కర్లేదు’ అన్నాడు. ఖర్చు తక్కువే, కానీ నాకు టెన్షన్‌గా ఉంది. ఒప్పుకోవచ్చా?

వైరింగ్ పనివాడు:
వద్దు తమ్ముడూ, అస్సలు ఒప్పుకోకు. ఆ ముక్క వైరు వేస్తే ఫ్రిజ్ రేకు మొత్తం న్యూట్రల్‌తో కలిసిపోతుంది. రేపు బోర్డులోనో మీటరు దగ్గరో న్యూట్రల్ వదులైందనుకో, ఫేజ్ మోటారులోంచి వచ్చి అటు వెళ్లే దారి లేక రేకు మీదే నిలబడుతుంది. ఫ్రిజ్ మాత్రం ఆగిపోతుంది. కరెంటు పోయిందేమో అని అమ్మగారు వచ్చి తలుపు పట్టుకుంటారు, అప్పుడక్కడ ఉండేది 230 వోల్టులు. పాత ఇళ్లలో ఫేజ్, న్యూట్రల్ అటూ ఇటూ మారిపోయి ఉండటం కూడా నేను చాలాసార్లు చూశాను, అలాంటి చోట ఈ ముక్క వేస్తే రేకులోకి నేరుగా కరెంటు వస్తుంది. ఎర్త్ వైరు లాగే దాకా ఆ రెండు పిన్నుల ప్లగ్గులే ఉండనీ. మూడో కన్నం కనిపిస్తే ఇంట్లోవాళ్లు ఎర్త్ ఉందనే నమ్ముతారు.

అడిగినవాడు:
అర్థమైంది అన్నా. ఎర్తింగ్ చేయించడానికి కాస్త టైం పడుతుంది, ఈలోపు ఏం చేయాలి?

వైరింగ్ పనివాడు:
మీటరు తర్వాత 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్, పెట్టించు. అది వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ ఒకటేనా అని చూసుకుంటుంది, తేడా వస్తే కట్ చేస్తుంది, అందుకే ఎర్త్ లేకపోయినా పనిచేస్తుంది. కాకపోతే ఎర్త్ లేనిచోట ఫ్రిజ్ రేకులోకి కరెంటు వచ్చినా, సాధారణంగా అది పడేది ఎవరో ముట్టుకుని వాళ్లలోంచి కరెంటు పారినప్పుడే, కాబట్టి దాన్ని పెట్టి ఊరుకోకూడదు. పాత వైర్లు లీకై మాటిమాటికీ పడుతుంటే విసుగొచ్చి తీసేయించకు, ఎక్కడ లీకవుతోందో వెతికించు.

కాకినాడ నుంచి:
మాదీ ఇలాంటి ఇల్లే అండీ, రెండేళ్ల కిందట చేయించాం. పెరట్లో గుంట తవ్వి రెండున్నర మీటర్ల జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేశారు. గోడలు పగలగొట్టలేదు, పీవీసీ కేసింగ్ పైనే వేసి ఆకుపచ్చ వైరు ప్రతి ప్లగ్గుకీ తెచ్చారు, ఫ్రిజ్‌కీ గీజర్‌కీ మాత్రం మూడు వైర్లూ కొత్తవే. పనయ్యాక ఎర్త్ టెస్టర్‌తో కొలిపించండి, మాకు 5 ఓమ్‌ల లోపు వచ్చాకే డబ్బులిచ్చాం. ఎండాకాలంలో గుంటలో నీళ్లు పోయడం మరవకండి. ఇంకోటి, కొళాయి పైపుకి ఎర్త్ కట్టేస్తామంటే ఒప్పుకోకండి. ఇప్పుడు లోపలున్నవన్నీ ప్లాస్టిక్ పైపులే, కరెంటు భూమిలోకి పోదు, కొళాయి తిప్పినవాళ్లకి కొడుతుంది.

అడిగినవాడు:
అమ్మకి ఫోన్ చేసి ఫ్రిజ్ ప్లగ్ తీయించేశాను. పాలు పక్కింటి పిన్నిగారి ఫ్రిజ్‌లో పెట్టుకుంటానంది. ఆదివారం నేనే వెళ్తున్నా, ఆర్‌సీసీబీ దగ్గరుండి పెట్టిస్తాను.