బాబు ఏదీ అడగడు, చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. కార్డులు వాడినవాళ్ళు ఉన్నారా?

చిన్నోడి అమ్మ: మా బాబుకి 4 ఏళ్ళు, ఆటిజం, మాటలు ఇంకా రాలేదు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు, నాకు అర్థం కాకపోతే కింద పడి ఒకటే ఏడుపు. థెరపిస్టు బొమ్మల కార్డులు మొదలుపెట్టమన్నారు, మా అత్తయ్యేమో కార్డులు అలవాటైతే ఇంక మాటలే రావు అంటారు, పైగా వాడు చెయ్యి చాచకముందే అన్నీ ఆవిడే అందించేస్తారు. ఏం చేయమంటారు?

పాప నాన్న: కార్డుల వల్ల మాటలు ఆగవండి, ఆ భయం మాకూ ఉండేది. మేం చేసిన తప్పు వేరే, బాత్రూం కార్డు, నీళ్ళ కార్డుతో మొదలెట్టాం, పాప అటు చూడను కూడా లేదు. జంతికలు పెట్టాక దారిలో పడింది. వాడికి పిచ్చి ఇష్టం ఉన్నదానితోనే మొదలెట్టండి, చిన్న చిన్న ముక్కలు చేయండి, మొత్తం ఇచ్చేస్తే ఇంక అడగాల్సిన పనేముంది.

స్పెషల్ ఎడ్యుకేటర్: ఇది పెక్స్ పద్ధతి, అంటే కావాల్సినదాని బొమ్మ ఉన్న కార్డు ఎదుటివాళ్ళ చేతికిచ్చి అడగడం నేర్పడం, 1985లో అమెరికాలోని డెలవేర్‌లో మొదలైంది. మొదట్లో ఇద్దరు కావాలి. ఒకరు ఎదురుగా జంతిక పట్టుకోవాలి, ఇంకొకరు బాబు వెనక కూర్చోవాలి. వాడు జంతిక కోసం చెయ్యి చాచగానే వెనకున్నవాళ్ళు ఆ చేత్తోనే కార్డు తీయించి ఎదుటివాళ్ళ అరచేతిలో పెట్టించాలి, వెంటనే "జంతిక!" అంటూ ఇచ్చేయాలి. "ఏం కావాలి, చెప్పు నాన్నా" అని అస్సలు అడగొద్దు, మనం అడిగితేనే కార్డు ఇవ్వాలి అనుకుంటాడు. "నీకు జంతిక కావాలా" అని కూడా వద్దు, రేపు మాటలొస్తే కొంతమంది పిల్లలు తమకి కావాల్సినప్పుడు కూడా అలాగే "నీకు కావాలా" అంటారు. వెనకున్నవాళ్ళు నోరెత్తకుండా మెల్లగా సాయం తగ్గిస్తూ పోవాలి. ఏడుస్తున్నప్పుడు మాత్రం పాఠం వద్దు. అత్తయ్యగారిని ఎదురుగా కూర్చోబెట్టండి, ఇచ్చేది ఎలాగూ ఆవిడే కదా :)

చిన్నోడి అమ్మ: అప్పడంతో 9 రోజుల నుంచి చేస్తున్నాం. నిన్న నేను వెనక లేకుండానే కార్డు తీసుకెళ్ళి అత్తయ్య చేతిలో పెట్టాడు, ఆవిడ అప్పడం ఇవ్వడం మర్చిపోయి కార్డు వంకే చూస్తూ కూర్చున్నారు. కానీ రాత్రి 11కి నిద్రలేపి మరీ నా చేతిలో అదే కార్డు పెట్టాడు, ఇవ్వాలా?

స్పెషల్ ఎడ్యుకేటర్: ఇవ్వండి, చిన్న ముక్కే. ఈ కొన్ని వారాలు అడిగిన ప్రతిసారీ దొరకాలి. కార్డుని దిండు కింద పెట్టుకోకుండా చూసుకోండి చాలు.