మామయ్యకు క్యాన్సర్ అని చెప్పలేదు, చూడ్డానికి వెళ్తే ఏం మాట్లాడాలి?

కృష్ణలంక:
మా మేనమామకు పొట్టలో క్యాన్సర్, నాలుగో స్టేజ్. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో కీమో ఎక్కిస్తున్నారు. అత్తయ్య, పిల్లలు ఆయనకి అల్సర్ అనే చెప్పారు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. ఆదివారం విజయవాడ నుంచి బయల్దేరుతున్నాను కానీ ఆయన సూటిగా అడిగితే ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఏం తీసుకెళ్లాలి?

పెద్దకూతురు:
బయట ఆ బోర్డు, పక్క మంచాల వాళ్ల మాటలు, ఊడిపోతున్న జుట్టు, ఇవన్నీ చూస్తూ ఆయనకి తెలియకుండా ఉంటుందా అండీ? మా నాన్నగారికి తెలుసు, మేం బాధపడతామని తెలియనట్టు ఉన్నారు, పొలం ఎవరికి రాయాలో కూడా మాతో మాట్లాడలేకపోయారు. మీ అంతట మీరు బయటపెట్టకండి, అలాగని అబద్ధమూ ఆడకండి. ఆయన అడిగితే "నీకేమనిపిస్తోంది మామయ్యా?" అని అడిగి, చెప్పేదాకా ఆగండి. తర్వాత అత్తయ్యతో విడిగా మాట్లాడండి. ఎంఎన్‌జేలో పాలియేటివ్ విభాగం, అంటే జబ్బు వల్ల వచ్చే బాధను తగ్గించే విభాగం ఉంది, నొప్పికి మందులివ్వడమే కాదు, ఇలాంటి విషయం ఇంట్లోవాళ్ల సమక్షంలో మెల్లగా చెప్పడం కూడా అక్కడి డాక్టర్లకి అలవాటే.

వార్డు సిస్టర్:
కీమో ఎప్పుడు ఎక్కించారో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. సాధారణంగా ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి, అప్పుడు చిన్న జలుబు కూడా వాళ్లకి ప్రమాదమే. మీకు దగ్గు, జ్వరం ఉంటే వెళ్లొద్దు. ఒంట్లో బాగుంటే చేతులు కడుక్కుని, మాస్క్ పెట్టుకుని వెళ్లండి. పూలు, కోసిన పళ్లు, సెంటు వద్దు. నోరు పూస్తుంది కాబట్టి కారం ఏదీ తినలేరు, ఏం పెట్టొచ్చో అత్తయ్యనే అడగండి. జ్వరం 100.4 దాటితే ఇంట్లో మాత్ర వేసి చూద్దాం అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలని అందరికీ చెప్పండి.

గుంటూరు అమ్మాయి:
నాకు రొమ్ము క్యాన్సర్‌కి వైద్యం జరిగింది. వచ్చినవాళ్లలో సగంమంది "మా ఊళ్లో ఒకావిడకి ఇదే వచ్చి..." అని మొదలుపెట్టేవాళ్లు, లేదంటే ఏదో ఆకు పసరు తాగమనేవాళ్లు. దయచేసి ఆ రెండూ వద్దు. మామూలుగా మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటారో అవే మాట్లాడండి, ఆయన కళ్లు మూసుకుంటే ఊరికే కూర్చోండి. ఆయన చదివించినందుకు మీ మనసులో ఉన్నది ఇప్పుడే చెప్పేయండి, దానికి జబ్బు పేరు ఎత్తక్కర్లేదు. ఇంకోటి, మీ అత్తయ్య సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయిందో కూడా అడగండి.

కృష్ణలంక:
అందరికీ థాంక్స్ అండీ. బాబుకి జలుబుగా ఉంది, వాణ్ని తీసుకెళ్లట్లేదు. రాత్రి మామయ్య దగ్గర నేనుంటానని ఫోన్లో చెప్తే అత్తయ్య వెంటనే సరే అంది. డాక్టర్‌ని కలిసే విషయం అక్కడికి వెళ్లాక ఆవిడతో మాట్లాడతాను.