యూఎస్‌బీ హబ్ 2.00 అని చెప్పి 12 మెగాబిట్ల దగ్గరే నడిస్తే, అది అబద్ధమా?

కృష్ణాతీరం:
పెట్టె మీద యూఎస్‌బీ 2.0 అని చూసి నాలుగు పోర్టుల హబ్ కొన్నాను. పెన్‌డ్రైవ్‌లోకి చెల్లి పెళ్లి వీడియో కాపీ పెడితే సెకనుకు 1 మెగాబైటు దాటడం లేదు. లినక్స్‌లో యూఎస్‌బీ పరికరాల వివరాలు చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ -వీ కమాండ్ కొట్టాను. పరికరం తన గురించి తానే చెప్పుకునే డివైస్ డిస్క్రిప్టర్‌లో, వెర్షన్ రాసే గడి బీసీడీయూఎస్‌బీలో 2.00 అని ఉంది. కాస్త కింద ప్రోటోకాల్ 0, పక్కనే ఫుల్ స్పీడ్ హబ్ అని. ఏది దేనికి తగిలించి ఉందో చెట్టులా చూపే -టీ పెడితే 12ఎం, అంటే సెకనుకు 12 మెగాబిట్లు. ఒకే నోటితో రెండు మాటలు! నా దృష్టిలో ఇది మోసమే.

తీగలపని:
తొందరపడకండి. ఆ 2.00 వేగం కాదు, ఏ స్పెసిఫికేషన్‌ను అనుసరించి చేశారో చెప్పే అంకె. 2000లో వచ్చిన 2.0లో 1.5 (లో స్పీడ్), 12 (ఫుల్ స్పీడ్), 480 (హై స్పీడ్) మెగాబిట్లు మూడూ ఉన్నాయి. 1.5 దాటని మౌస్ కూడా 2.00 అని రాసుకోవచ్చు, తప్పు లేదు.

మీ హబ్‌కి 480 చేతనవునో కాదో తేల్చేది డివైస్ క్వాలిఫయర్. "రెండో వేగంలో ఉంటే నా వివరాలు ఇవీ" అని చెప్పే 10 బైట్లు. ఆ వేగం లేని పరికరం స్టాల్, అంటే కుదరదనే జవాబు, ఇచ్చి ఊరుకుంటుంది. సుడో (అడ్మిన్ హక్కులు) పెట్టి మళ్లీ చూడండి.

రాత్రిషిఫ్ట్:
అసలు ఈ పద్ధతే నాకు నచ్చదు. మనిషికి ఒక ఆధార్ ఉన్నట్టు పరికరానికి ఒకటే డిస్క్రిప్టర్ ఉండాలి. ఏ వేగంతో నడుస్తోందో పోర్ట్ స్టేటస్ చూసి కంప్యూటర్‌కి ఎలాగూ తెలుసు. మళ్లీ పరికరం మాట మార్చడం దేనికి?

తీగలపని:
ఆధార్ నంబరు మారడం లేదండీ. వెండర్, ప్రోడక్ట్ ఐడీలు ఏ వేగంలోనైనా అవే, అందుకే క్వాలిఫయర్‌లో వాటికి చోటే ఇవ్వలేదు. మారేది పని తీరు.

పోర్టుల్లో మార్పు వచ్చిందా అని అడగడానికి హబ్‌లో ఒక ఎండ్‌పాయింట్ (సమాచారం వెళ్లే దారి) ఉంటుంది. ఫుల్ స్పీడ్‌లో దాని ఇంటర్వెల్ (ఎంతసేపటికోసారి అడగాలో) 255, అంటే 255 మిల్లీసెకన్లు. హై స్పీడ్‌లో ఆ గడిలో 1 నుంచి 16 వరకే రాయాలి, లెక్క కూడా వేరు. 12 అని రాస్తే 125 మైక్రోసెకన్ల ముక్కలు 2048, మొత్తం 256 మిల్లీసెకన్లు. అదే 12ని ఫుల్ స్పీడ్‌లో చెబితే కంప్యూటర్ 12 మిల్లీసెకన్లకోసారి తలుపు తడుతుంది. ప్రోటోకాల్ సంగతీ అంతే. 1 అంటే లోపల ఒక ట్రాన్సాక్షన్ ట్రాన్స్‌లేటర్, అంటే హై స్పీడ్‌కీ తక్కువ వేగాలకీ మధ్య దుబాసీ, పని చేస్తోందని. ఫుల్ స్పీడ్‌లో దానికి పనే లేదు, కాబట్టి 0 అనడమే నిజం.

కృష్ణాతీరం:
చూశాను. క్వాలిఫయర్ వచ్చింది, అందులో ప్రోటోకాల్ 1! -టీ చెట్టును ఈసారి నిదానంగా చూస్తే నా హబ్ పైన ఇంకో హబ్ ఉంది, అదీ 12ఎం. నా పాత కీబోర్డు లోపలిది! ఆ కీబోర్డు వెనక పోర్టులోనే నా హబ్ గుచ్చాను. సిస్టమ్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో కూడా, ఇది తన గరిష్ఠ వేగంతో నడవడం లేదు, హై స్పీడ్ హబ్‌కి కలపండి అని కెర్నల్ ముందే చెప్పింది, నేనే చదవలేదు. లాప్‌టాప్‌కి నేరుగా పెట్టగానే 480ఎం, ప్రోటోకాల్ 1. వీడియో నిమిషాల్లో ఎక్కేసింది. మోసం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రాత్రిషిఫ్ట్:
ఇంటర్వెల్ లెక్క ఒప్పుకుంటాను. కానీ యూఎస్‌బీ 3 వాళ్లు ఏం చేశారో చూడండి. పరికరాన్ని పాత పోర్టులో పెట్టినా 2.10 అని చెప్పి, బీఓఎస్ అనే ఇంకో డిస్క్రిప్టర్‌లో తనకు వచ్చిన వేగాలన్నీ ఒకేచోట చూపిస్తుంది. 2.0లోనే ఆ పని చేసి ఉంటే ఈయన సుడో దాకా వెళ్లాల్సి వచ్చేదా?

తీగలపని:
బీఓఎస్ మంచిదే, కాదనను. అయినా ఆ జాబితా ఇంటర్వెల్ చెప్పదు. ఏ వేగంలో ఉంటే ఆ వేగం డిస్క్రిప్టర్ విడిగా కావాల్సిందే. మీ కోపం న్యాయమే గానీ, అది చూపించే టూల్ మీద ఉండాలి. "480 వచ్చు, ఇప్పుడు 12" అని మొదటి లైన్లోనే వేస్తే ఈయనకి ఒక రాత్రి టెన్షన్ తప్పేది.