ఇన్‌స్టాల్ చేయకుండా, డబ్బులు కట్టకుండా బ్రౌజర్‌లో ఆడుకునే మంచి గేమ్స్ చెప్పండి

హన్మకొండ_కోడలు:
అందరికీ నమస్తే. మా ఇంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్ ఒకటుంది. దాని మీద పడేవాళ్లం ముగ్గురం. మా వాడు ఆరో తరగతి, సెలవులు కదా, పొద్దున లేస్తే "బోర్" అని నా ప్రాణం తీస్తున్నాడు. మా మామగారు రిటైరై మూడేళ్లయింది, పేపర్లో సుడోకు పూర్తి చేయనిదే టిఫిన్ ముట్టరు. ఇక నేను. వంటిల్లు సర్దుకున్నాక దొరికేది ఒక పావుగంట.

ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేకుండా ఉండాలి, డబ్బులు అడగకూడదు, లాగిన్ కూడా లేకపోతే ఇంకా మంచిది. తలా ఒక రకం చెప్పినా సరే.

ఇంకో రెండు సమస్యలు. "ఫ్రీ గేమ్స్" అని వెతికితే వచ్చిన ఏదో సైట్లో మా వాడు అడిగిందల్లా నొక్కుకుంటూ పోయాడు. అప్పట్నుంచి స్క్రీన్ మూలన "మీ కంప్యూటర్లో 5 వైరస్‌లు ఉన్నాయి" అని గంటకోసారి వస్తోంది. ఇక కాలేజీ రోజుల్లో నేను ఆడిన ఒక గేమ్ బుక్‌మార్క్ తెరిస్తే, "ఫ్లాష్ ప్లేయర్ ఇన్‌స్టాల్ చేయండి" అంటోంది. చేయమంటారా?

లాబ్_అసిస్టెంట్:
వద్దు మేడమ్, చేయకండి. ఫ్లాష్‌కి అడోబ్ కంపెనీయే 2020 డిసెంబర్ 31తో స్వస్తి చెప్పింది. 2021 జనవరి 12 నుంచి పాత ప్లేయర్లలో కూడా ఆటలు ఆడకుండా ఆపేసింది. కాబట్టి ఇప్పుడు ఎవరైనా ఫ్లాష్ పెట్టుకోమన్నారంటే అది ఫ్లాష్ కాదు, వేరే ఏదో మీ నెత్తిన పెడుతున్నారు. పాత ఫ్లాష్ ఆటలు కావాలంటే, పాత వెబ్ పేజీల్నీ ఆటల్నీ ఉచితంగా దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైట్‌లో చాలా ఉన్నాయి. రఫుల్ అనే ప్రోగ్రామ్ వాటిని బ్రౌజర్‌లోనే నడిపిస్తుంది, మీరు ఏమీ పెట్టుకోనక్కర్లేదు. అన్నీ ఆడవు, కానీ చాలా ఆడతాయి.

వైరస్ మెసేజ్ సంగతి. చాలావరకు అది వైరస్ కాదు. మీ అబ్బాయి నొక్కిన వాటిల్లో నోటిఫికేషన్లకి "అలౌ" కూడా ఉండి ఉంటుంది. క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. మీకు తెలియని పేరు పక్కన ఉన్న చుక్కలు నొక్కి తీసేయండి. అదే పేజీలో, సైట్లు అసలు నోటిఫికేషన్లు పంపకుండా ఆపే ఆప్షన్ కూడా ఉంటుంది, అదీ పెట్టేయండి. ఆ "5 వైరస్‌లు" బొమ్మ మీద మాత్రం నొక్కకండి.

నాకూ ఇదే జరిగింది లెండి. మా ల్యాబ్‌లో ఒకేసారి పన్నెండు సిస్టమ్‌లలో. పిల్లలందరికీ ఒకడే ఆ సైట్ చెప్పాడు.

గుంటూరు_గుర్రం:
హన్మకొండ అంటున్నారు, మీ అబ్బాయికి చెస్ చెప్పకపోతే ఎలాగండీ! 2800 రేటింగ్ దాటిన అర్జున్ ఎరిగైసి మీ వరంగల్ కుర్రాడే కదా.

లీచెస్ డాట్ ఆర్గ్‌కి వెళ్లండి. 2010లో మొదలైంది, విరాళాల మీద నడుస్తుంది. యాడ్ ఒక్కటి కూడా ఉండదు, డబ్బులు కడితే తెరుచుకునే గదులూ లేవు. అకౌంట్ లేకుండానే కంప్యూటర్‌తో ఆడుకోవచ్చు, ఎనిమిది లెవెల్స్ ఉంటాయి. ఒకటో లెవెల్ కంప్యూటర్ మంత్రిని ఊరికే వదిలేస్తుంది, పిల్లాడికి ధైర్యం వస్తుంది. అసలు రాని వాళ్లకి "లెర్న్" అని ఒక విభాగం ఉంది. ఏనుగుతో, గుర్రంతో బోర్డు మీద నక్షత్రాలు ఏరుకుంటూ పోవాలి. మా పాప గుర్రం నడక నేను చెబితే నేర్చుకోలేదు, ఆ నక్షత్రాల కోసం ఒక్క పూటలో నేర్చుకుంది.

మామగారికి అందులోనే "పజిల్స్". నిజంగా ఎవరో ఆడిన ఆటల్లోంచి తీసినవి. రెండెత్తులో మూడెత్తులో వేస్తే అయిపోతుంది, ఎదురుగా ఎవరూ ఉండరు కాబట్టి టెన్షన్ లేదు.

నిద్రలేని_కోడర్:
మామగారికి నా ఓటు వేరే. సైమన్ టాథమ్ పజిల్స్ అని వెతకండి. ఈయన పుట్టీ అనే సాఫ్ట్‌వేర్ రాసిన మనిషి, సర్వర్ పనులు చేసేవాళ్లకి తెలుస్తుంది. సొంతంగా దాదాపు నలభై రకాల పజిల్స్ ఒకే పేజీలో పెట్టాడు. పేజీ చూస్తే పాతికేళ్ల కిందటి సైట్‌లా ఉంటుంది, మెరుపులు లేవు. 4 జీబీ లాప్‌టాప్ మీద వెన్నలా నడుస్తుంది.

సుడోకు అందులో "సోలో" పేరుతో ఉంటుంది. కానీ నేను చెప్పేది "మైన్స్" గురించి. పాత విండోస్‌లో మైన్‌స్వీపర్ ఆడి ఉంటారు కదా. దాంట్లో ఒక దరిద్రం ఉండేది. చివర్లో రెండు గడులు మిగులుతాయి, ఎంత ఆలోచించినా బాంబు ఎందులో ఉందో తెలియదు, దేవుడి మీద భారం వేసి నొక్కడమే. ఇందులో ఆ గొడవ లేదు. ప్రతి బోర్డూ ఊహించక్కర్లేకుండా, లెక్క కట్టి పూర్తి చేయగలిగేట్టే తయారవుతుంది. మొదటి నొక్కుకి బాంబు పేలదు.

ఎలా ఆలోచించాలంటే, గడిలో అంకె దాని చుట్టూ ఎన్ని బాంబులున్నాయో చెబుతుంది. ఒక గడిలో 1 ఉంది, దాని చుట్టూ తెరవని గడి ఒక్కటే ఉంది అనుకోండి. బాంబు అదే. దానికి కుడి క్లిక్‌తో జెండా పెట్టండి. ఇప్పుడు పక్కనున్న ఇంకో 1 కూడా అదే జెండాని తాకుతోందా? అయితే ఆ రెండో 1 చుట్టూ మిగిలిన గడులన్నీ క్షేమం, తెరిచేయొచ్చు. మొత్తం ఆట ఇదే లెక్క. పొరపాటున పేలినా "అన్‌డూ" ఉంది. కాకపోతే కింద ఎన్నిసార్లు చచ్చారో లెక్క రాసి పెడుతుంది, అది చెరగదు :)

మీ పావుగంటకి 2048. ఇటలీలో 19 ఏళ్ల కుర్రాడు, గాబ్రియెలే చిరుల్లి, 2014లో ఒక వారాంతంలో రాశాడు. బాణాల కీలతో అంకెలు జరపాలి, రెండు 2లు తగిలితే 4, రెండు 4లు తగిలితే 8. చాలామంది నాలుగు వైపులా ఇష్టమొచ్చినట్టు జరిపి 256 దగ్గర ఇరుక్కుంటారు. పెద్ద అంకెని కింద ఎడమ మూలన కూర్చోబెట్టండి. కిందకి, ఎడమకి మాత్రమే ఆడండి, తప్పదనుకుంటే కుడికి. పైకి నొక్కారా, మూలన 2 వచ్చి కూర్చుంటుంది, ఇక దాన్ని లేపలేరు. కింది వరస నిండుగా ఉంటే కుడికి నొక్కినా పెద్ద అంకె కదలదు, అందుకని ఆ వరస ఎప్పుడూ నింపి పెట్టుకోండి.

ఆర్టీసీ_కార్డుప్లేయర్:
నా సందేహం కూడా ఇక్కడే అడిగేస్తా. ఫ్రీ రమ్మీ ఎక్కడైనా ఉందా? ఫోన్‌లో ఒకటి ఉండేది, ముందు ఊరికే ఆడనిచ్చి తర్వాత డబ్బులు వేయమనేది.

లాబ్_అసిస్టెంట్:
బాబాయ్, ఆ దారి వద్దు. డబ్బులు పెట్టే రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చి దేశమంతటా ఆన్‌లైన్ డబ్బు ఆటల్ని ఆపేసింది. ఇంకా ఎవరైనా "ఫ్రీ చిప్స్, తర్వాత క్యాష్" అంటున్నారంటే చట్టానికి అవతల ఉన్నట్టే. పేకముక్కల సరదా తీరాలంటే గూగుల్లో "సాలిటైర్" అని ఇంగ్లిష్‌లో కొట్టండి, వెతుకులాట పేజీలోనే ఆట తెరుచుకుంటుంది. ఈజీ, హార్డ్ రెండూ ఉన్నాయి. రమ్మీకి మాత్రం ఎదురుగా మనుషులుండాల్సిందే.

డల్లాస్_బావ:
అందరూ కలిసి ఆడేది ఎవరూ చెప్పలేదేంటి? స్క్రిబుల్ డాట్ ఐఓ (skribbl.io). ఒకరు బొమ్మ గీస్తారు, మిగతావాళ్లు అదేంటో టైప్ చేసి చెప్పాలి. లాగిన్ లేదు. సంక్రాంతికి మేం ఇక్కడి నుంచి, మా వాళ్లు రాజమండ్రి నుంచి, ఒక మరదలు బెంగళూరు నుంచి, వీడియో కాల్ పక్కన పెట్టుకుని మూడు గంటలు ఆడాం.

కిటుకు ఏమిటంటే "ప్రైవేట్ రూమ్" తెరవండి. అందులో మన సొంత పదాలు రాసుకునే పెట్టె ఉంటుంది, మధ్యలో కామాలు పెట్టి రాయాలి. అవి మాత్రమే వాడమని టిక్ పెట్టొచ్చు. మేం పెట్టినవి: పూతరేకులు, మిరపకాయ బజ్జీ, గోదారి వంతెన, కోడిపందెం, రుబ్బురోలు, గంగిరెద్దు. మా అత్తయ్య గంగిరెద్దు గీస్తే అందరం కుక్క అన్నాం, రెండు రోజులు మాట్లాడలేదు.

ఒక ఇబ్బంది చెప్పాలి. మేం పదాలు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టాం. పూతరేకులుకి మొదట్లో రెండు "ఓ"లా, ఒక "యు"నా అని పెద్ద గొడవ. ఒక్క అక్షరం తేడా ఉంటే "దగ్గరకొచ్చారు" అని చెబుతుంది, రెండైతే అదీ చెప్పదు. అందుకని ముందే స్పెల్లింగ్ తేలిగ్గా ఉన్న పదాలు చూసుకోండి.

అక్కా, మీ వాణ్ని మాత్రం బయటి రూముల్లోకి పంపకండి. అక్కడ చాట్‌లో ఎవరు ఏం రాస్తారో చెప్పలేం.

నిద్రలేని_కోడర్:
అబ్బాయికి ఇంకొన్ని. నీల్ డాట్ ఫన్ (neal.fun) సైట్‌లో "ఇన్ఫినిట్ క్రాఫ్ట్" ఉంది, 2024లో వచ్చింది. నీరు, నిప్పు, గాలి, భూమి, ఈ నాలుగుతో మొదలు. ఒకదాని మీద ఒకటి లాగి వేస్తే కొత్తవి పుడతాయి. నీరు, నిప్పు కలిపితే ఆవిరి, నీరు, భూమి కలిపితే మొక్క. అక్కడి నుంచి ఎక్కడికి పోతుందో వాడి ఇష్టం. అదే సైట్లో "పాస్‌వర్డ్ గేమ్" ఉంది, అది మీకు. పాస్‌వర్డ్ పెట్టమంటుంది, ఒక్కో రూల్ కలుపుతూ పోతుంది. అంకెలన్నీ కూడితే 25 రావాలంటుంది, రోమన్ అంకెలు గుణిస్తే 35 రావాలంటుంది. బ్యాంకు యాప్‌లో పాస్‌వర్డ్ మార్చుకునేటప్పుడు మనకొచ్చే కోపమే, ఇక్కడ నవ్వొస్తుంది.

యాక్షన్ కావాలంటే స్లిదర్ డాట్ ఐఓ. పాము ఆట. మన తల ఇంకొకరి ఒంటికి తగిలితే మనం పోతాం, వాళ్ల తల మన ఒంటికి తగిలితే వాళ్లు పోతారు. దాంతో నిన్నగాక మొన్న పుట్టిన పిల్లపాము కూడా అనకొండని పడగొట్టొచ్చు. మౌస్ ఉంటే మంచిది, టచ్‌ప్యాడ్ మీద చెయ్యి నొప్పెడుతుంది.

జంపింగ్ గేమ్ కావాలంటే "సెలెస్ట్" మొదటి రూపం. 2015లో ఇద్దరు నాలుగు రోజుల్లో చేసింది, బ్రౌజర్‌లో ఉచితం. చిన్నదే కానీ కష్టం.

రేసింగ్, 3డీ ఆటలు ఈ లాప్‌టాప్ మీద వద్దు. ఫ్యాన్ హెలికాప్టర్‌లా మోగుతుంది.

లాబ్_అసిస్టెంట్:
పాతవాళ్ల కోసం ఒక మాట. మన స్కూల్ ల్యాబుల్లో ఆడిన "డేంజరస్ డేవ్" ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని డాస్ గేమ్స్‌లో (విండోస్‌కి ముందు కాలం ఆటలు) ఉంది. మధ్యలో ఉన్న పెద్ద బటన్ నొక్కితే అక్కడే మొదలవుతుంది. కప్పు తీసుకోకుండా తలుపు దగ్గరకి పరిగెత్తడం, తెరుచుకోదని గుర్తొచ్చి వెనక్కి రావడం, అన్నీ అలాగే ఉన్నాయి.

హన్మకొండ_కోడలు:
వారం తర్వాత వచ్చి చెబుతున్నా. నోటిఫికేషన్ల జాబితాలో ఏడు సైట్లున్నాయి, ఒక్కటీ నేను ఎరగను. తీసేశాక "వైరస్‌లు" మళ్లీ కనిపించలేదు. థాంక్యూ.

మా వాడు చెస్ రెండు రోజులు ఆడి, ఇప్పుడు పాముల్లో ఉన్నాడు. మధ్యలో "ఏ డార్క్ రూమ్" అని నాకు వాడే ఒకటి చూపించాడు. బొమ్మలేం లేవు, మాటలే. చలి గది, "నిప్పు రాజెయ్యి" అని ఒకే బటన్. ఏముందిలే అనుకుని నొక్కితే గంటన్నర అయింది, పప్పు మాడింది. కానీ నిన్న బ్రౌజర్ క్లీన్ చేస్తే ఆ ఆటలో నేను కట్టుకున్న ఊరంతా పోయింది, మళ్లీ చలి గదే వచ్చింది. తిరిగి తెచ్చుకోవచ్చా?

నిద్రలేని_కోడర్:
పోయింది రాదండీ. ఇలాంటి ఆటలు మీ ఆటని ఆ బ్రౌజర్‌లోనే దాచుకుంటాయి. కుకీలు, సైట్ డేటా తుడిస్తే దాంతో పాటే పోతుంది, ఇన్‌కాగ్నిటోలో, అంటే బ్రౌజర్ ఏదీ గుర్తుపెట్టుకోని కిటికీలో ఆడితే, అది మూయగానే పోతుంది. ఈసారి పేజీ కింద "సేవ్" నొక్కి "ఎక్స్‌పోర్ట్" చేయండి. పొడుగాటి అక్షరాల దండ ఇస్తుంది, దాన్ని మీకు మీరే మెయిల్ చేసుకోండి. ఇంకో సిస్టమ్‌లో కూడా అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. కుకీ క్లికర్ అనే ఇంకో బ్రౌజర్ ఆటలో కూడా ఇలాంటిదే ఉంది, "ఆప్షన్స్"లో చూడండి.

హన్మకొండ_కోడలు:
సరే, మళ్లీ నిప్పు రాజేస్తా. చివరగా మామగారి తరఫున ఒక ప్రశ్న. మైన్స్‌లో కింద చావుల లెక్క కనిపించకుండా చేయొచ్చా? నిన్న 14 ఉంటే మా వాడు ఇల్లంతా తిరిగి చెప్పాడు.

నిద్రలేని_కోడర్:
దాచడం కుదరదు. కొత్త ఆట మొదలుపెడితే సున్నా నుంచి మొదలవుతుంది, మనవడు వచ్చేలోపు "న్యూ గేమ్" నొక్కేయమనండి.