నౌకాదళంలో ఇంజన్ గదిలో పనిచేసిన మా నాన్నగారి ఆయాసానికి ఆస్బెస్టాస్ కారణమా?

ప్రశ్న (చిత్తూరు నుంచి):
మా నాన్నగారు 1974లో నౌకాదళంలో చేరి, ఆవిరితో నడిచే యుద్ధనౌకల బాయిలర్, ఇంజన్ గదుల్లో పదిహేనేళ్లు పనిచేసి, పింఛనుతో ఊరికి వచ్చేశారు. రెండేళ్లుగా మెట్లెక్కితే ఆయాసం, వదలని పొడి దగ్గు. ఊపిరితిత్తుల పొర రెండు వైపులా మందమైందని ఎక్స్‌రే చూసి చెప్పి, ఒక ఆసుపత్రిలో ఆరు నెలలు క్షయ మందులు వాడించారు. కళ్లె పరీక్షలో క్రిమి ఒక్కసారీ కనబడలేదు, ఆయాసమూ తగ్గలేదు. ఓడల్లో పీల్చిన ఆస్బెస్టాస్ ధూళి ఇన్నేళ్ల తరువాత కూడా ఇలా బయటపడుతుందా?

జవాబు 1 (మాజీ నావికుడు, తిరుపతి):
అయ్యా, నేనూ ఆ గదుల్లోనే పనిచేసినవాడిని. మీ నాన్నగారిని లాగింగ్ గురించి అడిగి చూడండి. ఆవిరి గొట్టాల వేడి బయటికి పోకుండా వేసే ఆస్బెస్టాస్ తొడుగును మేము అలాగే పిలిచేవాళ్లం. వాల్వు కారితే ముందుగా ఆ తొడుగును చేతులతోనే పీకేవాళ్లం; పెళుసెక్కిన ముక్కలు సున్నపు పిండిలా భుజాల మీద రాలేవి. రెండు గొట్టాలు కలిసే అంచుకు, అంటే ఫ్లాంజికి, అంటుకుపోయిన పాత గాస్కెట్టును (ఆవిరి కారకుండా మధ్యన పెట్టే పలకను) గీకి, వైరు బ్రష్షుతో రుద్ది, కొత్త షీటును దాని మీద పరచి అంచు వెంట సుత్తితో తట్టి కోసుకొనేవాళ్లం. వాల్వు కాడ పక్కనుంచి ఆవిరి కారకుండా గ్లాండులో చుట్టే తాడు కూడా ఆస్బెస్టాసే. ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్పినవారు లేరు, చెప్పినా ఆ ఉక్కలో నిలిచేది కాదు. 2006లో ఫ్రాన్సు తన పాత యుద్ధనౌక క్లెమెన్సోను విరగ్గొట్టడానికి గుజరాత్‌లోని అలంగ్‌కు పంపి, అందులోని ఆస్బెస్టాస్ మీద గొడవ రేగి వెనక్కి పిలిపించుకున్నప్పుడు గానీ, మేము పీకినది ఏమిటో నాకు అర్థం కాలేదు.

జవాబు 2 (ఛాతీ వైద్యురాలు, తిరుపతి):
బయటపడుతుంది. ఆస్బెస్టాస్ ధూళిలోని సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో కరగవు. జబ్బు పైకి తేలడానికి ఇరవై నుంచి నలభై ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. క్షయ మచ్చలు సాధారణంగా పైభాగంలో ఉంటాయి, ఆస్బెస్టాసిస్ (ఆ ధూళి వల్ల ఊపిరితిత్తులకు మచ్చ పడే జబ్బు) కింది భాగంలో మొదలవుతుంది. చూడకుండా నేను ఏదీ తేల్చలేను గానీ, తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలోనో రుయా ఆసుపత్రిలోనో ఛాతీ వైద్యులను కలిసి, హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను వివరంగా చూపే స్కాన్), ఊపిరి సామర్థ్య పరీక్ష చేయించండి. ఆయన చేసిన పని ఏమిటో మీరే ముందుగా చెప్పండి, ఎందుకంటే అడిగేవారు తక్కువ. పొర మందమవడం క్యాన్సర్ కాదు. అయితే ఛాతీలో నొప్పి, నీరు చేరడం, బరువు తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. మచ్చ పడిన ఊపిరితిత్తిని మందులు తిరిగి బాగుచేయలేవు. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించండి. బీడీ అలవాటు ఉంటే వెంటనే మాన్పించండి, పొగ, ఆస్బెస్టాస్ రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

జవాబు 3 (మాజీ సైనికుల పింఛను కాగితాలు చూసేవాడిని, చిత్తూరు):
వైద్యానికి 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు పనికి వస్తుంది. ఆ పథకపు పాలీక్లినిక్ నుంచి రిఫరల్ తీసుకోండి. వైకల్య పింఛను మాత్రం కష్టమైన దారి. విరమణ తరువాత ఇన్నేళ్లలోపు బయటపడిన జబ్బు అని నిబంధనలు లెక్క కడతాయి, ఈ జబ్బుకు ఆ లెక్క తెలియదు. అందుకే ఏ ఓడలో, ఏ సంవత్సరాల్లో, ఏ పని చేశారో సర్వీసు పుస్తకంలోంచి రాసి, వైద్యుని అభిప్రాయంతో జతచేసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపండి. కాదంటే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను 40 ఏళ్లు దాచాలని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అది పరిశ్రమల గురించిన తీర్పే అయినా, జబ్బు ఎంత ఆలస్యంగా వస్తుందో చూపడానికి ఉదహరించవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. లాగింగ్ అనగానే నాన్నగారు అటక మీది ట్రంకు పెట్టె దించమన్నారు. సర్వీసు పుస్తకంలో మూడు ఓడల పేర్లు, తేదీలు ఉన్నాయి. ఇంతలో అమ్మ, విశాఖ క్వార్టర్స్‌లో ఆయన ఓవరాల్స్ ఉతికే ముందు వాటిని తానే గడప దగ్గర దులిపేదాన్నని చెప్పింది. డాక్టరమ్మగారూ, అమ్మకూ ఎక్స్‌రే తీయించాలా?

జవాబు 2 (మళ్లీ):
తీయించండి. బట్టలతో ఇంటికి చేరిన ధూళి వల్ల భార్యలకు జబ్బు రావడం వైద్యులకు తెలిసిన విషయమే. ఇద్దరినీ ఒకేసారి తీసుకువెళ్లి, ఆమె ఓపీ చీటీ మీద బట్టలు దులిపిన సంగతి రాయించండి.